నూట ఎనభై ఏడో పంక్తి

చెన్నమ్మ పోయిన రోజు మంగళవారం. పొయ్యి మీద కందిపప్పు ఉడుకుతోంది. ఆమె వంటింటి గడప దగ్గర కత్తిపీట వేసుకుని దోసకాయ తరుగుతోంది. చేదు చూడకుండా వేస్తే గిన్నెడు పప్పూ పాడవుతుంది గనుక, ఎప్పటిలాగే మొదటి ముక్క భర్త చేతికిచ్చింది.

"చూడు అయ్యోరూ, చేదుందేమో."

యల్లమంద మాస్టారు బడికి వెళ్లే చొక్కాకు గుండీలు పెట్టుకుంటూ ముక్క నోట్లో వేసుకున్నారు. చేదు లేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన భార్యతో వేళాకోళమాడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజెందుకో బుద్ధి పుట్టింది. వేపాకు నమిలినవాడిలా మొహం పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని గోడకు చేరగిలబడ్డారు.

చెన్నమ్మ నవ్వింది. భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది. దగ్గు మధ్యలో మళ్లీ నవ్వు వచ్చింది.

అప్పుడు ఆమె పక్కటెముకల చుట్టూ ఉన్న ఊపిరిపట్టీ ఆగిపోయింది.

ఆగిన సంగతి మాస్టారికి వెంటనే తెలిసింది. రెండేళ్లుగా ఆ ఇంట్లో ఒక చప్పుడు ఉండేది, ఎవరో పక్క గదిలో మెత్తటి చీర మడత పెడుతున్నట్టు. ఆ చప్పుడు లేదు. గూట్లో ఉన్న, పట్టీని నడిపే అరచేతంత పెట్టె తెర మీద ఒక్క పంక్తి నిలబడి ఉంది.

"ఊపిరిలో తేడా కనబడింది. పరిశీలన కోసం ఆపడమైనది."

ఆయన బొత్తాం నొక్కారు. పంక్తి కదల్లేదు. బ్యాటరీ తీసి పెట్టారు. మళ్లీ అదే పంక్తి. నూట ఎనిమిదికి ఫోన్ చేసి, చెన్నమ్మను ఒళ్లోకి తీసుకుని కూర్చున్నారు. బండి పదకొండు నిమిషాల్లో వచ్చింది. మార్కాపురంలో అది త్వరగా వచ్చినట్టే. చెన్నమ్మ అంతసేపు ఆగలేకపోయింది.

పెట్టె మాత్రం సాయంత్రం దాకా ఆ పంక్తినే చూపిస్తూ, ఎవరైనా వచ్చి పరిశీలిస్తారని ఎదురుచూసింది.

*

చెన్నమ్మ ఇరవై రెండేళ్లు పలకల ఫ్యాక్టరీలో పనిచేసింది. గనుల్లోంచి వచ్చిన రాతి పొరలను చదరంగా కోశాక, చక్రం మీద నున్నగా రుద్దే పని ఆమెది. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు కనుబొమల మీద కూడా బూడిదరంగు పొడి ఉండేది. యల్లమంద ఉపాధ్యాయ శిక్షణకు పోయిన రెండేళ్లూ ఆ చక్రమే వాళ్ల ఇల్లు నడిపింది. ఆ పొడి లోపలికి పోయి ఊపిరితిత్తుల్లో పేరుకుపోతుందని తెలిసే నాటికి ఆమె నాలుగు మెట్లెక్కి ఆగుతోంది.

ఒంగోలులో ఒక పరిశోధనశాల వాళ్లు ఊపిరిపట్టీని తయారు చేశారు. అది గాలి కొట్టే యంత్రం కాదు. ఒక నెల రోజులు మనిషి ఒంటి మీద ఊరికే ఉండి, కూర్చున్నప్పుడు ఊపిరి ఎట్లా ఆడుతుందో, నడిచినప్పుడు ఎట్లానో, నిద్రలో ఎట్లానో నేర్చుకుంటుంది. ఆ తర్వాత, ఆ మనిషి ఊపిరి ఎక్కడ తడబడితే అక్కడ చెయ్యి అందిస్తుంది. ఏడాది గడిచేసరికి ఆ చెయ్యి లేకుండా ఒళ్లు నాలుగు నిమిషాలు కూడా నడవదు. ఆ సంగతి ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు. పెట్టెలో నడిచే ప్రోగ్రాము రాసింది నజీమా. పలకలు లారీలకెత్తే మస్తాన్ వలీ కూతురు; ఆరు నుంచి పది దాకా మాస్టారి దగ్గరే చదువుకుంది.

పెద్దకర్మ అయిన మర్నాడు నజీమా వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గడప దగ్గర, కత్తిపీట ఉండే చోటు వదిలి, కింద కూర్చుంది.

"సార్, చెప్పాల్సింది చెప్తా. మీరు తిట్టినా లేచి పోను."

"చెప్పమ్మా."

"ఆ పెట్టె లోపల అన్నిటికీ అడుగున ఒకటి నడుస్తా ఉంటది సార్, కెర్నెల్ అంటాం. దాన్ని రెండు రకాలుగా తయారు చేస్తాం. ల్యాబులో వాడేదానికి అనుమానం ఎక్కువ పెడతాం. పిసరంత తేడా కనబడినా ఉన్నది ఉన్నట్టు ఆగిపోవాల. ఆగితేనే ఎక్కడ తప్పిందో మాకు దొరుకుద్ది. మనిషికి పెట్టేది అట్టా కాదు. తప్పొచ్చినా సరే, దాన్ని మింగి ముందుకు పోవాల."

మాస్టారు తల ఊపారు.

"అమ్మకు మెట్ల మీద ఊపిరి జారుతుందని మీరు పట్టీ తెచ్చిచ్చారు గదా. అమ్మను ఆస్పత్రిలో పెద్ద మిషను మీద ఉంచి, ఎందుకు జారతందో చూద్దామని దీంట్లో ల్యాబుది ఎక్కించా. దొరికింది, సరిచేశా. ఇక దాన్ని తీసేసి మనుషులది ఎక్కించాల. ఆ పూటే మా అమ్మీకి జొరం ఎక్కువైందని ఫోనొచ్చింది. వచ్చేశా. ల్యాబులో పట్టీలు సర్దే కొర్నేలన్న దాన్ని అట్టానే మీ చేతికిచ్చాడు."

"కొర్నేలుకు తెలియదా?"

"తెలియాలనే ఒక మాట రాసిపెట్టా సార్. బ్యాటరీ పెట్టి పెట్టెను లేపినప్పుడల్లా నాలుగు వందల పన్నెండు పంక్తులు తెర మీద పోతాయి. అందులో నూట ఎనభై ఏడోది. 'మనవి: ఇది పరిశీలన ప్రతి. మనిషికి వాడవలసినది కాదు.' మీరు చెప్పేవాళ్లు, పెద్ద పెద్ద అక్షరాలు రాసి అరవగూడదు, చిన్నగా రాసినా సరైన మాటైతే చదివేవాడు చదువుతాడు అని. ఆ పంక్తి రాసేటప్పుడు కూడా అదే గుర్తొచ్చింది. ఎవరూ చూడలేదు సార్. అన్నిట్లో ఒక పంక్తి ఎవరు చూస్తారు? నాదే తప్పు."

మాస్టారు గూటి వైపు చూశారు.

ఆయన చూశారు ఆ పంక్తిని.

అక్షరం కనబడితే చదవకుండా దాటలేని మనిషి ఆయన. చింతపండు పొట్లం విప్పితే ముందు కాగితం చదివి ఆ తర్వాత చింతపండు డబ్బాలో పోసేవారు. పెట్టె చూపే పంక్తులన్నీ తెలుగులోనే ఉండాలని నజీమా పట్టుబట్టింది, పట్టీలు కట్టుకునేది పలకల పనివాళ్లు గనుక. రోజూ పొద్దున బ్యాటరీ మార్చినప్పుడు ఆ నిమిషంపాటు పంక్తులు పారుతుంటే, తన విద్యార్థిని తెలుగు ఎంత శుభ్రంగా ఉందోనని మాస్టారు నిలబడి చదివేవారు. పట్టీ ఒంగోలు నుంచి తిరిగొచ్చిన మొదటి రోజు ఆ పంక్తి దగ్గర ఆయన చూపు ఆగింది.

"పరిశీలన ప్రతి అంటోందే ఇది," అన్నారు.

"నజీమా పంపింది గందా, దానికి తెలవదా?" అంది చెన్నమ్మ. "నీకు కాగితమైనా గాజైనా ఒకటే, అక్షరం ఉంటే చాలు. టీ చల్లారిపోతాంది, తాగు."

బడికి వచ్చే ఫారాల మీద పైన 'నమూనా' అని అచ్చు వేసి ఉంటుంది. ఆ నమూనాల మీదే మాస్టార్లంతా ఏళ్ల తరబడి అసలు లెక్కలు నింపి పంపుతారు. ఎవరూ ఎప్పుడూ తప్పుపట్టలేదు. ఇదీ అట్లాంటిదేననుకున్నారు ఆయన. మర్నాడు ఆ పంక్తి దగ్గర చూపు ఆగలేదు. ఆ తర్వాత పదిహేడు ఉదయాలూ ఆగలేదు. అన్నీ కలిపి పంతొమ్మిది.

ఇప్పుడు చెప్పాలి. నజీమా ఎదురుగా కూర్చుని ఉంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"మంచినీళ్లు తాగమ్మా," అన్నారు మాస్టారు.

*

ఇంకా అరవై మూడు పట్టీలు మనుషుల ఒంటి మీద ఉన్నాయి. మరమ్మతుకు వచ్చిన ప్రతిదాంట్లోనూ ల్యాబు కెర్నెల్ ఎక్కించి చూడక తప్పదు. ఎవరూ దాటిపోలేని హెచ్చరిక ఒకటి రాసేదాకా మరమ్మతులు ఆపమని విచారణకు వచ్చినవాళ్లు చెప్పారు. మరమ్మతు ఆగితే పట్టీలూ ఒక్కొక్కటిగా తడబడతాయి. ఆ హెచ్చరిక రాయాల్సింది నజీమా. ఆమెకు చెయ్యి రావడం లేదు.

"మాట రాద్దామని కూర్చుంటే అదే పంక్తి వస్తాంది సార్. మీరు రండి," అని అడిగింది.

ఆయన ఆదివారాలు ఒంగోలు బస్సెక్కడం మొదలుపెట్టారు.

పరిశోధనశాలలో ఒక బల్ల మీద రబ్బరు ఊపిరితిత్తి ఉంది. పట్టీలను దాని చుట్టూ కట్టి చూస్తారు. కొర్నేలు యాభై ఏళ్ల మనిషి, పట్టీలు విప్పి, తుడిచి, సర్ది పంపే పని. మాస్టారిని చూడగానే చేతిలో గుడ్డ కింద పెట్టి నిలబడ్డాడు. "టీ తెమ్మంటారా సార్?" అన్నాడు.

నజీమా మొదట రాసిన హెచ్చరిక పదమూడు పంక్తులు. చుట్టూ నక్షత్రాల గీత. 'హెచ్చరిక హెచ్చరిక హెచ్చరిక' అని పైనా కిందా. అక్షరాలు తెర నిండా, ఎర్రగా.

"ఇప్పుడు గుడ్డోడికైనా కనబడుద్ది," అన్నాడు కొర్నేలు.

మాస్టారు దాన్ని చూసి, "ఎర్ర సిరా మొదటి వారం పనిచేస్తుంది," అన్నారు. "తర్వాత పిల్లలు మార్కు చూసుకుని పుస్తకం మూసేస్తారు."

నిజమేమో చూద్దామని ఆ వారం నజీమా ఎవరికీ చెప్పకుండా నక్షత్రాల మధ్య ఇంకో పంక్తి చేర్చింది. 'ఇది చదివినవారు కొర్నేలుకు టీ ఇప్పించవలెను.' ల్యాబులో పదిమంది ఉన్నారు. సోమవారం ఇద్దరు నవ్వుతూ టీ తెచ్చారు. మంగళవారం ఒకరు తెచ్చారు. బుధవారం నుంచి ఎవరూ తేలేదు, ఆ పంక్తిని మార్చి 'కొర్నేలుకు బిర్యానీ' అని రాసినా.

"బిర్యానీయా!" కొర్నేలు నొచ్చుకున్నాడు. "నేనూ చూళ్లా సార్. చూసుంటే వదిలేవాణ్ణా? ఆ నచ్చత్రాలు కనబడగానే, ఆ, అదేలే అనుకొని కళ్లు కిందికి పోతన్నాయి."

నజీమా ఇంకా పెద్దవి చేద్దామంది, చప్పుడు పెడదామంది, తెర వెలిగి ఆరేటట్టు చేద్దామంది.

"కనబడటం కష్టం కాదమ్మా," అన్నారు మాస్టారు. "చదివి కూడా దాటిపోవచ్చు."

"చదివినవాడు ఎందుకు దాటిపోతాడు సార్? మనిషి ప్రాణం అని రాసి ఉంటే?"

"వేరే ఎవరికో రాశారనుకుంటాడు."

అంతవరకు చెప్పగలిగారు. అది తనకెట్లా తెలుసో చెప్పలేదు. నజీమా ఆ మాటను కాగితం మీద రాసుకుని, కింద గీత గీసింది.

*

ఇంట్లో కందిపప్పు డబ్బా సగం ఉంది. మాస్టారు దాన్ని తెరవలేదు. పొద్దున లేచి అలవాటుగా గూటి దగ్గరికి పోయి, బ్యాటరీ కోసం చెయ్యి చాపి, ఆగేవారు. పెట్టె, పట్టీ విచారణవాళ్ల దగ్గర ఉన్నాయి. గూట్లో పెట్టె ఉన్న మేరకు దుమ్ము లేని నలుచదరం మిగిలింది.

ఒకరోజు ఏడో తరగతిలో హాజరు పిలుస్తున్నారు. "పిక్కిలి అంజలి" అన్నారు. జవాబు లేదు. మాస్టారు తల ఎత్తకుండా మళ్లీ పిలిచారు.

"రాలేదు సార్," అంది వెనక నుంచి ఒకమ్మాయి.

"నిన్ను అడిగానా?" అన్నారు మాస్టారు. వెంటనే కలం ఆగిపోయింది.

చెన్నమ్మ తండ్రి గురవయ్య గనిలో తూటాలు పేల్చే మనిషి. ఆయన గురించి చెన్నమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ఆ రోజుల్లో వేరే గనుల్లో ఈల వేసి ఒత్తి అంటించేవాళ్లు. ఈల విని కూడా, ఇంకో రాయి లేపి పోదాంలే అని కింద ఉండిపోయినవాళ్లు ఉన్నారు. గురవయ్య ఈల వెయ్యడు. గుంత అంచున నిలబడి, "ఎవురుండారు?" అని అడుగుతాడు. కింద ఉన్నవాడు తన పేరు తానే చెప్పాలి. పక్కవాడి పేరు చెబితే ఒప్పుకోడు. పేరు చెప్పినవాడు పైకి రావాలి. వచ్చాక మళ్లీ అడుగుతాడు. గుంతలోంచి జవాబు రాకపోతే, తానే దిగి చూసి వచ్చి, "ఎవురూ లేరు" అని పైకి పలికి, అప్పుడు అగ్గిపుల్ల గీస్తాడు. ఇరవై ఏళ్లలో ఆయన గనిలో ఒక్క మనిషి పోలేదు. "మా నాయిన బెదిరించేవోడు కాదు, అడిగేవోడు," అనేది చెన్నమ్మ.

మాస్టారు హాజరు పట్టీ మూసి, ఆ పూట పిల్లలకు చదువుకోమని చెప్పి, కిటికీ దగ్గర నిలబడ్డారు.

*

ఆ తర్వాతి ఆదివారం ఆయన చెప్పిన గురవయ్య సంగతి నజీమా విని, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా పనిలోకి దిగింది. మూడు వారాలు పట్టింది.

నక్షత్రాలు పోయాయి, ఎర్ర రంగు పోయింది. ల్యాబు కెర్నెల్ లేచినప్పుడు ఇంకే పంక్తీ పారదు. ఖాళీ తెర మీద ఒకే ప్రశ్న, మామూలు అక్షరాల్లో.

"ఈ ఊపిరి ఎవరిది?"

ఏ పేరు రాసినా, "పేరున్న మనిషికి నన్ను పెట్టకండి" అని చెప్పి ఆగిపోతుంది. బొత్తాం నొక్కి దాటడానికి లేదు. 'ఎవరిదీ కాదు' అని అక్షరం అక్షరం చేత్తో రాస్తేనే నడుస్తుంది. ల్యాబులోనే కాదు, పొరపాటున ఇంటికి పోయినా, అక్కడ పొద్దున బ్యాటరీ మార్చినవాళ్లనీ అదే అడుగుతుంది.

కొర్నేలు వారం రోజులు దాన్ని ఏమార్చాలని చూశాడు. "మా గేదె పేరు కొట్టినా ఒప్పుకోలా సార్. మా ఇంటిదాని పేరు కొట్టినా అంతే." తర్వాత నవ్వు ఆపి, చేతిలోని పట్టీ వైపు చూసుకున్నాడు. "మనిషిది చేతిలో పెట్టుకొని ఎవరిదీ కాదని కొట్టాలంటే చెయ్యి ఆడదు సార్. ఆ రోజు నన్ను ఈ మాట అడిగుంటే, అమ్మ పేరు చెప్పేవాణ్ణి."

చివరి పరీక్ష మిగిలింది. కెర్నెల్ ఏ తేడాకు ఆగిందో ఆ తేడా మీదే పరీక్షించాలి. ఆ తేడా, అంతకు ముందు నేర్చుకున్న ఊపిరితో సహా, ఒక్క పట్టీలోనే ఉంది. విచారణవాళ్లు తిరిగిచ్చిన చెన్నమ్మ పట్టీని కొర్నేలు రెండు చేతులతో తెచ్చి, రబ్బరు ఊపిరితిత్తి చుట్టూ కట్టాడు.

"మీరు వద్దంటే నేనే చేస్తా సార్," అంది నజీమా.

"నేనే చేస్తాను."

ప్రశ్న వచ్చింది. ఈ ఊపిరి ఎవరిది?

మాస్టారు 'చెన్నమ్మది' అని రాశారు.

"పేరున్న మనిషికి నన్ను పెట్టకండి."

మూడు నెలల కిందట కావలసిన మాట అది. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివారు. నజీమా ఆయన వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగి నిలబడింది. పరీక్ష సగమే అయింది. రెండో జవాబు కూడా రాయాలి, లేకపోతే రేపు అరవై మూడు పట్టీల పని మొదలవదు.

ఆయన చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతికి రాశారు. ఎవరిదీ కాదు.

రబ్బరు ఊపిరితిత్తి కదిలింది. రెండు చిన్న ఊపిరులు, ఒక పొడుగుది. పొడుగు ఊపిరి వదిలే ముందు చిన్న నిలుపు. పలకను చక్రానికి ఆనించేటప్పుడు ఊపిరి బిగపట్టడం అలవాటై, ఫ్యాక్టరీ మానేశాక కూడా చెన్నమ్మకు పోని నిలుపు. పక్క గదిలో ఎవరో చీర మడత పెడుతున్న చప్పుడు.

ఎంతసేపు విన్నారో ఆయనకు తెలియలేదు. తర్వాత నజీమా ఒక మీట నొక్కి, నవ్వూ దగ్గూ కలిసిన ఆ తేడాను పంపింది. ల్యాబు కెర్నెల్ ఆగిపోయింది, ఆగాల్సినట్టే. దాన్ని తీసి మనుషులది ఎక్కించి మళ్లీ అదే పంపింది. ఈసారి రబ్బరు ఊపిరితిత్తి ఒక్కసారి ఎగిరిపడి, సర్దుకుని, రెండు చిన్నవీ ఒక పొడుగుదీ తీసుకుంటూ సాగింది.

"సరిపోయింది సార్," అంది నజీమా. తడిసిన మొహం ఆమె తుడుచుకోలేదు. "ఒక్కటే అనిపిస్తాది నాకు. అప్పుడు ఆ పాత పంక్తిని ఎవరైనా ఒక్కరు, ఒక్కసారి చదివి నాకు ఫోన్ చేసుంటే చాలు గదా అని. ఒక్కరైనా చదివేట్టు నేను రాయలేకపోయా."

మాస్టారు నోరు తెరిచారు. కొర్నేలు బల్ల దగ్గర పట్టీ విప్పుతున్నాడు. విప్పగానే చప్పుడు ఆగింది.

"బస్సు టైమైందమ్మా," అన్నారు.

*

అరవై మూడు పట్టీలూ ఒక్కొక్కటే ఒంగోలు వచ్చి, చూపించుకుని, వెనక్కి పోయాయి. రెండుసార్లు పొరపాటున ల్యాబు కెర్నెల్ పట్టీలోనే ఉండిపోయింది. రెండుసార్లూ సర్దేటప్పుడు ప్రశ్న దగ్గరే కొర్నేలు ఆగి, మనిషి పేరు రాసి, పట్టీని పక్కన పెట్టాడు.

నజీమా మనుషుల పట్టీల పని వదిలేస్తానని రాసిచ్చింది. ఎంతమంది చెప్పినా వినలేదు. ఇప్పుడు వేరే గదిలో వేరే పని చేస్తోంది. మార్కాపురం వచ్చినప్పుడల్లా మాస్టారింటికి వస్తుంది. గడప దగ్గర అదే చోట కూర్చుంటుంది. ఆయన టీ పెడతారు. బడి సంగతులు, వాళ్ల అమ్మీ సంగతులు మాట్లాడుకుంటారు. వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, ప్రతిసారీ ఆమె అదే అంటుంది.

"నాదే తప్పు సార్."

ఆయన గేటు దాకా వచ్చి, జాగ్రత్తగా వెళ్లమని చెబుతారు.

తాను ఆ పంక్తిని పంతొమ్మిది ఉదయాలు చదివానని మాస్టారు ఆమెకు ఇంకా చెప్పలేదు.